ఎక్కడా లేని గది

2004లో నేను పదో తరగతి. ఖమ్మంలో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి పదిహేను రూపాయలు. ఆరు సిస్టమ్స్, ఆరింట్లోనూ 'జీటీఏ వైస్ సిటీ'. అన్నీ దొంగ కాపీలే. సైజు తగ్గించడం కోసం ఎవడో పాటలన్నీ పీకేసిన కాపీలు. కారెక్కి రేడియో పెడితే ఏమీ వినపడదు. ఒక్క రెండో నంబరు సిస్టమ్‌లో మాత్రం ఎందుకో పూర్తి గేమ్ ఉండేది. దానికోసం నేనూ, నా ఫ్రెండూ స్కూలు వదలగానే పరిగెత్తేవాళ్ళం.

ఆ గేమ్ 1986లో, మయామీని పోలిన ఒక ఊళ్ళో జరుగుతుంది. మిగతావాళ్ళు పోలీసుల్ని కొట్టడం, ట్యాంకులు దొంగిలించడం చేస్తుంటే మేం కొన్నాళ్ళకి వేరే పని మొదలెట్టాం. ఒక కారు ఎత్తుకొచ్చి, బీచ్ పక్కన ఆపి, 'ఎమోషన్ 98.3' అనే స్టేషన్ పెట్టుకుని ఊరికే కూర్చునేవాళ్ళం. హెడ్‌ఫోన్లు ఒక్క జతే, చెరో చెవి. స్క్రీన్ మీద వాన పడుతుండేది. టోటో, మిస్టర్ మిస్టర్, రాక్సీ మ్యూజిక్... ఈ పేర్లన్నీ తర్వాతెప్పుడో తెలిశాయి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. వాటిలో ఒక ఆడగొంతు ఉండేది, సన్నగా, వింతగా, కాస్త దెయ్యం కథలోంచి వచ్చినట్టు. మావాడు "ఎవర్రా ఈవిడ!" అని నవ్వేవాడు. నవ్వుతూనే, ఆ పాట మళ్ళీ వచ్చేదాకా నన్ను లేవనిచ్చేవాడు కాదు. ఆవిడ పేరు కేట్ బుష్.

ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ రాత్రిళ్ళు పని చేసుకుంటున్నప్పుడు 80ల పాప్ వింటాను. ఈ మధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "మీరు పుట్టిందే 89లో కదా! ఇంగ్లండ్ ఎప్పుడూ చూడలేదు. మరి ఇదేం నోస్టాల్జియా, అరువు నోస్టాల్జియానా? పైగా అదంతా మెషీన్ల మ్యూజిక్. డ్రమ్స్ మెషీన్, పియానో మెషీన్, ఎకో కూడా మెషీనే. అంత ఫీలవడానికి అందులో ఏముంది?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ ప్రశ్న మంచిదే. దానికి జవాబు, నాకు తోచినంతలో, ఆ మెషీన్ల చరిత్రలోనే ఉంది.

గోల్కొండ వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. ఫతే దర్వాజా దగ్గర నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. ఆ శబ్దం ఆ కోటది. ఇంకెక్కడా దొరకదు, అక్కడికి వెళ్ళాల్సిందే. గుడి మండపంలో పాడినా, నూతిలోకి తొంగిచూసి అరిచినా అంతే. ప్రతిధ్వనికి ఒక చిరునామా ఉంటుంది. మన చెవి ఆ చిరునామాని క్షణంలో చదివేస్తుంది. గది పెద్దదా చిన్నదా, గోడలు రాయివా చెక్కవా, పాడేవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు, ఇవన్నీ కళ్ళు మూసుకున్నా చెప్పగలం.

రికార్డింగ్ స్టూడియోలకి ఇదొక సమస్య. చిన్న గదిలో పాడితే పాట చిన్న గదిలాగే వినిపిస్తుంది. అందుకని మొదట్లో ఖాళీ గదుల్లో స్పీకరూ మైకూ పెట్టి ప్రతిధ్వని పట్టుకునేవారు. 1957లో జర్మనీ కంపెనీ ఈఎంటీ ఒక పెద్ద ఉక్కు రేకుని ఫ్రేముకి బిగించి, దాని కంపనంతో ఆ పని చేయించింది. దాని బరువు పావు టన్నుకి పైనే. అదే కంపెనీ 1976లో డిజిటల్ యంత్రం తెచ్చింది. రెండేళ్ళకి లెక్సికాన్ 224 వచ్చింది. అంతటితో గది అంటే కొన్ని అంకెలు. ఎంతసేపు మోగాలి, ఎంత ఆలస్యంగా మొదలవ్వాలి, పై స్వరాలు ఎంత తొందరగా చావాలి అని మీటలు జరిపితే చాలు. ఏ మేస్త్రీ కట్టని హాలు తయారు.

అక్కడిదాకా ఇది ఉన్నదాన్ని అనుకరించడమే. లేనిదాన్ని కనిపెట్టడం ఒక పొరపాటు వల్ల జరిగింది.

పీటర్ గాబ్రియేల్ తన మూడో సోలో ఆల్బమ్ (1980) కోసం లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పని చేస్తున్నాడు. డ్రమ్స్ మీద ఫిల్ కాలిన్స్, ఇంజనీరు హ్యూ పాజమ్. లోపలి వాయిద్యకారులు చెప్పే మాటలు బయట కన్సోల్ దగ్గర వినపడటానికి పైన ఒక మైకు ఉండేది. ఎవరు ఎంత మెల్లగా మాట్లాడినా వినపడాలని దాని సర్క్యూట్‌లో కంప్రెసర్ బలంగా పెట్టారు. కాలిన్స్ వాయిస్తుండగా పాజమ్ ఆ మైకు బటన్ నొక్కాడు. మాటల కోసం పెట్టిన మైకులోంచి డ్రమ్స్ భూమి బద్దలైనట్టు వచ్చాయి. అది నచ్చి, ఆ మైకుని రికార్డు చేయగలిగేలా వైర్లు మార్పించుకున్నారు. దానికి నాయిస్ గేట్ తగిలించారు. గేట్ అంటే, శబ్దం ఒక స్థాయి కంటే తగ్గగానే మొత్తం కోసేసే పరికరం. దాంతో ఏమైందంటే, కొట్టిన దెబ్బ పెద్ద హాల్లో మోగినట్టు మొదలై, తలుపు దభాలున మూసినట్టు ఆగిపోతుంది.

ఒక్కసారి ఆలోచించండి. ప్రపంచంలో ఇలాంటి గది లేదు. పెద్ద హాల్లో ప్రతిధ్వని మెల్లగా సన్నగిల్లాలి, చిన్న గదిలో అసలు అంత మోగకూడదు. ఇక్కడ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. శబ్దం చాలా దూరంగా ఉంది, ముఖం మీదే ఉంది. చెవి చిరునామా చదవబోతుంది, అక్కడ చిరునామా లేదు. 'ఇంట్రూడర్' పాటలో మొదటిసారి విన్న ఆ మోత, 1981 జనవరిలో కాలిన్స్ సొంత పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్'తో ప్రపంచమంతా పాకింది. మొదటి పెళ్ళి విడిపోతున్న రోజుల్లో చేసిన పాట అది. డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుమంటుంటుంది, గొంతు దాదాపు గొణుగుతుంటుంది. మూడున్నర నిమిషాలు దాటాక గానీ అసలు డ్రమ్స్ పడవు. పడినప్పుడు, అంతసేపూ ఆ మనిషి ఏం దిగమింగుకున్నాడో మనకి చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ శబ్దం అప్పుడే అంతమందికి ఎందుకు పట్టింది? ఒక్క కారణం చెప్పేయడం తేలిక, నమ్మడం కష్టం. కానీ ఆ రోజుల బ్రిటన్‌ని చూస్తే కొంత అర్థమవుతుంది. 1982 జనవరిలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. అణుయుద్ధ భయం ఇళ్ళలోకి వచ్చేసింది. బాంబు పడితే ఏం చేయాలో చెబుతూ 1980లో ప్రభుత్వమే 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్' అని ఒక చిన్న పుస్తకం వేసింది. ఇంట్లో ఒక గది ఎంచుకోండి, అందులో తలుపులు వాల్చి లోపల ఇంకో చిన్న అర కట్టుకోండి అని అందులో సలహా. ఆ కాలం కుర్రాళ్ళు తమ గదుల్లో తలుపేసుకుని టియర్స్ ఫర్ ఫియర్స్ విన్నారంటే ఆశ్చర్యం లేదు. బాత్ అనే ఊరి ఇద్దరు కుర్రాళ్ళ బ్యాండ్ అది. చిన్నప్పటి గాయాల్ని ఏడ్చి, అరిచి బయటపెట్టాలన్న ఆర్థర్ జానోవ్ మనస్తత్వ సిద్ధాంతం నుంచి వాళ్ళు బ్యాండు పేరూ తీసుకున్నారు, 1983 నాటి 'ది హర్టింగ్' ఆల్బమ్‌కి ప్రాణమూ తీసుకున్నారు. లోపల అంత గొడవ, పైన చల్లటి సింథసైజర్.

సింథసైజర్ అంటే ఇంకో సంగతి చెప్పాలి. నేను చదివింది ఈసీఈ. మూడో సంవత్సరంలో ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అనే పాఠం ఉంటుంది. బెసెల్ ఫంక్షన్లు బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్చిపోయాను. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకి తెలిసింది, ఎమోషన్ 98.3 ఏ కాలపు పాటలు వేసేదో ఆ కాలం బల్లడ్ల పియానో వెనక ఉన్నది ఆ పాఠమేనని. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు స్వరానికి కంపనం ఇస్తూ, దాని వేగం పెంచుతూ పోయాడు. ఒక దశ దాటాక అది కంపనంలా కాకుండా కొత్త నాదంలా వినిపించింది. అమెరికా ఆర్గన్ కంపెనీలకి ఇది ఎక్కలేదు, జపాన్ యమహాకి ఎక్కింది. 1983లో వచ్చిన వాళ్ళ డీఎక్స్7 లక్షకు పైగా అమ్ముడుపోయింది. మన దగ్గర కూడా 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్' (తెలుగులో 'డాన్స్ మాస్టర్') కోసం కంప్యూటర్ సీక్వెన్సింగ్ వాడారు. ఆ రోజుల్లో ఆయన దగ్గర కీబోర్డుల ముందు కూర్చున్న దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

మా టీమ్ అమ్మాయి మాటలో నిజం లేకపోలేదు. డీఎక్స్7 ప్రోగ్రామ్ చేయడం కష్టం. దాంతో చాలామంది ఫ్యాక్టరీలో పెట్టిచ్చిన స్వరాలే వాడారు. ఆ గాజుగిన్నె మోతలాంటి ఎలక్ట్రిక్ పియానో ఎన్ని ప్రేమపాటల్లో ఉందో లెక్కలేదు. దశాబ్దం చివరికి వచ్చేసరికి ప్రతి డ్రమ్మూ గేట్ వేసిన డ్రమ్మే. బాధ కూడా ఒక ప్రీసెట్ అయిపోయింది. 80ల పాప్‌లో చాలా భాగం ఇప్పుడు వింటే నాకూ నవ్వొస్తుంది.

నవ్వు రానివి కొన్ని మిగిలాయి. స్కాట్లండ్‌లో చమురు శుద్ధి కర్మాగారాల ఊరు గ్రేంజ్‌మౌత్ నుంచి వచ్చిన కాక్టో ట్విన్స్ సంగతి చూడండి. రాబిన్ గత్రీ గిటార్‌ని ఎకోల మీద ఎకోలు కప్పి పొగమంచు చేసేస్తాడు. ఎలిజబెత్ ఫ్రేజర్ పాడే పదాలు చాలాచోట్ల ఏ భాషవో తెలియవు. ఇంగ్లీషువాళ్ళకే అర్థం కావు. 1984 నాటి 'ట్రెజర్' వింటున్న లండన్ కుర్రాడూ, ఇరవై ఏళ్ళ తర్వాత నెట్ సెంటర్లో ఇంగ్లీషు రాక తికమకపడ్డ నేనూ ఈ పాటల దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుంటాం. అర్థం పోయాక గొంతులో ఏం మిగులుతుందో అదే వినాలి.

ఇక కేట్ బుష్. గాబ్రియేల్ మూడో ఆల్బమ్‌లో ఈవిడ కూడా పాడింది. ఫెయిర్‌లైట్ అనే ఆస్ట్రేలియా యంత్రంతో పరిచయమైంది అక్కడే. ఏ శబ్దాన్నయినా పట్టి, కీబోర్డు మీద వాయించనిచ్చే కంప్యూటర్ అది. ఒక్కో స్వరానికి మెమరీ 16 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా అందులో పట్టదు. లండన్ శివార్లలో తల్లిదండ్రుల ఇంటి దగ్గరి కొట్టంలో సొంత స్టూడియో కట్టుకుని, గడియారం చూసుకునే పని లేకుండా, 1985లో 'హౌండ్స్ ఆఫ్ లవ్' పూర్తి చేసింది. రెండో వైపు మొత్తం ఒకే కథ. రాత్రి సముద్రంలో ఒంటరిగా తేలుతూ, నిద్రపోకుండా ఉండటానికి ఒక స్త్రీ పడే పాట్లు. మొదటి వైపు మొదటి పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్'. ఆడా మగా ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్ళగలిగితే ఒకరినొకరు అర్థం చేసుకుంటారేమో అన్నది దాని ఊహ. అందులో మూలుగుతూ వచ్చే ఆ చెల్లో, చెల్లో కాదు, ఫెయిర్‌లైట్. 16 కిలోబైట్లలో చెల్లో సరిగ్గా పట్టలేదు. అంచులు అరిగిపోయి, చెల్లోకీ మనిషి మూలుగుకీ మధ్య ఎక్కడో ఆగింది. ఆ లోపమే నాకు ఆ పాటలో అన్నిటికన్నా దగ్గరగా వినిపిస్తుంది.

ఇవన్నీ జనం దేంట్లో విన్నారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. 1979 జులైలో సోనీ మొదటి వాక్‌మన్ అమ్మకానికి పెట్టింది. ఒక్కరే వింటుంటే పక్కవాళ్ళని చిన్నబుచ్చినట్టు ఉంటుందని సోనీ అధిపతి అకియో మోరిటా అనుకున్నాడు. అందుకని దానికి హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు పెట్టించాడు. పాట మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోవడానికి 'హాట్‌లైన్' అని ఒక నారింజ రంగు బటన్ కూడా. తీరా చూస్తే జనం ఒంటరిగా వినడానికే ఇష్టపడ్డారు. తర్వాతి మోడళ్ళలో ఆ బటన్ పోయింది. ఎక్కడా లేని గదిని స్టూడియోలో కట్టారు, దాన్ని ఒక్కొక్కరి తలకీ ఒక్కొక్కటి చొప్పున పంచారు.

ఇప్పుడు ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇది. గోల్కొండ చప్పట్లు వినాలంటే గోల్కొండ వెళ్ళాలి. మన జానపదం విని పూర్తిగా కరగాలంటే ఆ పొలమో, ఆ పెళ్ళో, ఆ చావో కొంచెమైనా తెలిసి ఉండాలి. ఈ పాటల గది ఏ ఊళ్ళోనూ లేదు. 1985లో లండన్‌లో విన్నవాడు కూడా అందులో పుట్టినవాడు కాదు, బయటినుంచి వచ్చినవాడే. కాబట్టి నాది అరువైతే వాడిదీ అరువే. మెషీన్లు చేసింది గదిని. అందులో నిలబడి వణికిన గొంతు మనిషిది. గది కృత్రిమం కాబట్టే, దాని తలుపు ఖమ్మంలో రెండో నంబరు సిస్టమ్ దగ్గర కూడా తెరుచుకుంది.

2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో వాడాక, 'రన్నింగ్ అప్ దట్ హిల్' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. వచ్చిన కొత్తలో మూడో స్థానం దాకా వెళ్ళి ఆగిన పాట, 37 ఏళ్ళ తర్వాత. ఆ వారం నాకు డల్లాస్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. నా నెట్ సెంటర్ ఫ్రెండ్. అప్పటికి మేం మాట్లాడుకుని ఆరేళ్ళు. గొడవేం లేదు. ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, టైమ్ తేడా, అంతే. పాట లింకు, కింద ఒక్క వాక్యం: "ఏరా, ఈవిడ మన బీచ్ దగ్గరి ఆవిడేనా?"

"ఆవిడే" అని రాశాను. ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. చివర్లో, నువ్వు అక్కడ పెట్టు, నేనిక్కడ పెడతాను అన్నాడు. ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కాం. ఫోన్ లైన్ ఆలస్యం వల్ల నాకు వాడి పాట అర సెకను వెనక వినిపించింది. ఇద్దరం ఏం మాట్లాడలేదు, పాట అయ్యేదాకా.