పాత భవనాల్లో దీపాల నియంత్రణ: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

కొండపల్లి ఖిల్లా ఎక్కితే ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. స్థానికులు వీటీపీఎస్ అని పిలిచే ఆ కేంద్రంలో 210 మెగావాట్ల మొదటి యూనిట్ 1979లో పనిచేయడం మొదలుపెట్టింది. విద్యుత్ చరిత్ర అనగానే మనకు ఇటువంటి కేంద్రాలే గుర్తుకొస్తాయి. అయితే ఆ విద్యుత్తు మన గదిలోకి వచ్చాక ఎలా ఖర్చయిందన్నదీ చరిత్రే. ఇక్కడ దానిని పరిశీలిద్దాం.

వాట్లు, గంటలు

దీపానికయ్యే ఖర్చు వాట్లను గంటలతో గుణిస్తే వస్తుంది. ఒక తరగతి గదిలో ఎనిమిది పాత ట్యూబ్‌లైట్లు ఉన్నాయనుకోండి. చోక్‌తో కలిపి ఒక్కొక్కటి 50 వాట్లు తీసుకుంటే, పది గంటలకు 4 యూనిట్లు. వాటి స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 1.6 యూనిట్లు. గదిలో మనుషులు ఉండే ఆరు గంటలే వెలిగిస్తే 0.96 యూనిట్లు చాలు. మొదటి పొదుపు దీపం మార్చడం వల్ల వచ్చింది, రెండవది నియంత్రణ వల్ల వచ్చింది. థర్మల్ కేంద్రంలో బొగ్గు వేడిలో సుమారు మూడో వంతే విద్యుత్తుగా మారుతుంది. కాబట్టి గదిలో ఆదా అయిన ప్రతి యూనిట్ వెనుక దానికి మూడింతల వేడినిచ్చే బొగ్గు ఆదా అవుతుంది.

చట్టం, పాత గోడలు

కేంద్ర ప్రభుత్వం 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. 2007లో ఇంధన పొదుపు భవన నియమావళి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దానిని స్వీకరించింది. కానీ ఆ నియమావళి ప్రధానంగా కొత్తగా కట్టే పెద్ద వాణిజ్య భవనాలకు సంబంధించినది. అప్పటికే నిలిచి ఉన్న కార్యాలయాలు, కళాశాలల సంగతి ఏమిటి?

నేను పాఠం చెప్పిన ఒక పాత కళాశాలలో కిటికీ పక్క దీపాలకూ, లోపలి గోడ పక్క దీపాలకూ ఒకే స్విచ్చి ఉండేది. లోపల చీకటిగా ఉంటే, ఎండ పడే చోట కూడా దీపం వెలగవలసిందే. ఎప్పుడో వైరింగ్ చేసిన రోజు తీసుకున్న నిర్ణయం దశాబ్దాల తరబడి బిల్లులో కనిపిస్తూనే ఉంది. దానిని మార్చాలంటే గోడ పగలగొట్టి కొత్త పైపులు వేయాలి. అందుకే ఎవరూ ముందుకు రాలేదు.

వైర్‌లెస్ నియంత్రణ ఈ చిక్కును విప్పింది. తక్కువ విద్యుత్తుతో పనిచేసే రేడియో పరికరాల కోసం 2003లో ఐఈఈఈ 802.15.4 అనే ప్రమాణం వచ్చింది. దాని ఆధారంగా జిగ్‌బీ వంటి పద్ధతులు రూపొందాయి. దీపానికి ఒక చిన్న రేడియో రిలే, పైకప్పుకు బ్యాటరీ సెన్సార్ అమరిస్తే, గోడ ముట్టుకోకుండానే ఏ దీపం ఎప్పుడు వెలగాలో నిర్ణయించవచ్చు.

వీధిలో అనుభవం

మన రాష్ట్రంలో దూరం నుంచి దీపాలను నియంత్రించే పద్ధతి వీధుల్లో విస్తృతంగా కనిపించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. ఆ తరువాత ఈఈఎస్ఎల్ సంస్థ అక్కడ పెద్దఎత్తున ఎల్‌ఈడీ వీధిదీపాలు అమర్చింది. దేశవ్యాప్త వీధిదీపాల పథకం 2015 జనవరిలో మొదలైంది. ఇందులో వాడిన కేంద్రీకృత నియంత్రణ పెట్టెలో మొబైల్ సిమ్ ఉంటుంది. ఒక పెట్టె ఒక లైనులోని స్తంభాలన్నింటినీ వేళకు వెలిగిస్తుంది, ఆర్పుతుంది, వాడకాన్ని నమోదు చేస్తుంది. భవనంలో పని ఇంకా సూక్ష్మం, ఎందుకంటే ప్రతి గది అవసరం వేరు.

పరిమితులు

సెన్సార్ సాధారణంగా కదలికను గుర్తిస్తుంది. పరీక్ష రాస్తూ కదలకుండా కూర్చున్న విద్యార్థుల మీద దీపం ఆరిపోతే, మరునాడే ఎవరో దానిని పనిచేయకుండా చేస్తారు. బ్యాటరీ ఎవరు మార్చాలో తేల్చకపోయినా ఫలితం అంతే. కనుక పరికరాల లెక్క చూసి పొదుపును అంచనా వేయకండి, ఏడాది తరువాత మీటరు చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఊరిలోని ఒక పాత ప్రభుత్వ భవనాన్ని పరిశీలించండి. ఒక్కొక్క స్విచ్చికి ఎన్ని దీపాలు ఉన్నాయి? ఖాళీ గదుల్లో అవి ఎన్ని గంటలు వెలుగుతున్నాయి? పై లెక్క ప్రకారం పది వాక్యాలలో రాయండి.