శ్రీశైల మార్గము: గుహలు, మెట్లు, చెంచులు

సికిందరాబాదు తీర్థముగా వెలసినది కాదు. దండు విడిసిన చోట వెలసినది. 1806వ సంవత్సరమున మూడవ నిజాము సికందర్ జా పేర స్థిరపడి, 1874లో రైలు వచ్చిన పిమ్మట పెరిగిన యీ నగరమునుండి శ్రీశైలము రెండు వందల కిలోమీటర్లకు కొంచెము మించిన దూరమున నున్నది. తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నమునకు దర్శనము ముగించి, రాత్రికి ఇల్లు చేరవలెనని తొందరపడువారు నేడు అనేకులు. వారికి స్వామి కనబడును గాని దారి కనబడదు. పూర్వులు యాత్ర అనినపుడు గమ్యమును మాత్రమే గాక మార్గమును గూడ తలచిరి. గత మాఘమాసమున మేము కొందరము మిత్రులము మూడు దినముల వ్యవధి పెట్టుకొని, ఆ మార్గమును చూచు తలంపుతో బయలుదేరితిమి.

కల్వకుర్తి, డిండి దాటి అచ్చంపేటకు సమీపముననున్న రంగాపురము చేరితిమి. అచ్చట కొండచరియలో ఉమామహేశ్వరము కలదు. పెద్ద శిల యొకటి పడగవలె ముందుకు వంగి యుండగా, ఆ నీడలో ఆలయములు ఒదిగియున్నవి. కొండ రాతినుండి నీరు బొట్లుబొట్లుగా ఊరుచుండును, దానిని పాపనాశనమందురు. అది ఎక్కడనుండి వచ్చుచున్నదో కంటికి తెలియదు. చేయి పట్టినవారికెల్ల దొరకును.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట ఆలంపురము, ఉత్తరమున ఈ ఉమామహేశ్వరము. క్షేత్రమొక్కటి, ద్వారములు నాలుగు. వీని నడుమ దూరములను చూచినచో, నల్లమలయంతయు ఒకే యాలయముగా మన పూర్వులు భావించిరని తోచును. ఆ యాలయమునకు అడవియే ప్రాకారము.

అడవిలో దారి తనంత తాను ఏర్పడదు. 14వ శతాబ్దిలో కాకతీయ రాజ్యము కూలిన తరువాత కోస్తాసీమలో రెడ్డిరాజ్యమును నిలిపిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును సోపానములు కట్టించెను. కోటలు కట్టిన రాజులు అనేకులు. వారి కోటలలో పెక్కు నేడు శిథిలములు. మెట్లు కట్టినవాని పేరు మాత్రము ఆ కొండలెక్కిన వారి నోట నిలిచియున్నది. ఆ శతాబ్ది చివర విజయనగరపు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించెను. దేవునికి కిరీటము చేయించుట ఒక విధమైన భక్తి. దేవుని చూడవచ్చు ముసలివాని మోకాళ్లను తలచుట మరియొక విధమైన భక్తి. ఈ రెండవది మన చరిత్రగ్రంథములలో తక్కువగా వ్రాయబడినది.

దీనికి విరుద్ధమైన ధర్మమును ఏనుగుల వీరాస్వామయ్యగారు చూచిరి. ఆయన 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, అహోబలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరెను. అనగా మేము పోవుచున్న దిశకు ఎదురుదిశలో వచ్చెను. ఆనాడు కందనూరు నవాబు శ్రీశైల యాత్రికులవద్ద సుంకము వసూలు చేయుచుండెనని ఆయన కాశీయాత్ర చరిత్రవలన మనకు తెలియుచున్నది. ఒకడు మెట్లు కట్టించెను, మరియొకడు సుంకము పుచ్చుకొనెను. యాత్రికుని కేవలము ఆదాయముగా చూచు బుద్ధి ఏ మతమువానిదైనను, ఏ కాలమునాటిదైనను ఒక్కటే.

మన్ననూరు దాటగానే రక్షితారణ్యము మొదలగును. రాత్రివేళ ఈ దారిలో వాహనములను పోనీయరు. అది పులులకు విడిచిన సమయము. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట అను నూళ్లు దారిలో వచ్చును. మైదానపు తెలుగున పెంట యనగా కసవుకుప్ప; చెంచుల తెలుగున పెంట యనగా నివాసము. ఒకే మాటను మనము ఒక యర్థమున, వారు వేరొక యర్థమున వాడుచున్నాము. ఇరువురి నడుమ నున్న దూరమునకు ఇంతకంటె నిదర్శనమేల?

రెండవనాడు పాతాళగంగనుండి పడవలో కృష్ణకు ఎగువగా పోయి, దరిచేరి, కొంత యెక్కి, అక్కమహాదేవి గుహలను చూచితిమి. ముందు సహజమైన శిలాతోరణము. ఏ స్తంభమును లేక, ఏ శిల్పియు తాకక నిలిచినది. ఆవల గుహ. పోనుపోను దారి యిరుకగును. వంగి, పిమ్మట ప్రక్కకు తిరిగి పోవలెను. మాలో స్థూలకాయుడైన మిత్రుడొకడు నడుమ ఆగిపోయి, "స్వామి నాకు ఇక్కడినుండియే కనబడుచున్నాడు" అని వెనుకకు మరలెను. లోపల చీకటిలో చిన్న లింగము కలదు. అచ్చట కంఠమెత్తి మాటలాడుటకు ఎవరికిని మనసు రాలేదు.

ఈ గుహకు పేరైన అక్కమహాదేవి 12వ శతాబ్దమునాటి కన్నడ వచనకర్త్రి. ఉడుతడిలో పుట్టి, రాజు కోరిన సంసారమును వదలి, చెన్నమల్లికార్జునుడే తన పతియని ప్రకటించి, ఒంటరిగా నడచి యీ కొండలకు వచ్చెననియు, ఇచ్చటి కదళీవనమున ఐక్యమందెననియు సంప్రదాయము. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము ఒక స్త్రీ మగతోడు లేక యింత దూరము నడచెనని మనము పూజించెదము. మన యింటి యాడపిల్ల పొరుగూరికి ఒంటరిగా పోవుదునన్న ద్వారమునకు అడ్డము నిలిచెదము. ఆమె పేర గుహను చూపుట సులభము. ఆమె నడచిన దారిని మన కుమార్తెలకు విడుచుటయే కష్టము.

పడవ మరలి వచ్చుచుండగా క్రింది నీటిని చూచితిమి. 1963లో శంకుస్థాపన జరిగి, 1980 ప్రాంతమునకు నీరు నిలిచిన శ్రీశైలము ఆనకట్ట వలన నూరు గ్రామములకు మించి మునిగినవి. నీరును, విద్యుత్తును వచ్చినవి. ఆ మేలును కాదనజాలము. నాడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విడదీసి, ఆలంపురమునకు తెచ్చి, మరల పూర్వమున్నట్లే నిలిపిరి. అది మిక్కిలి మెచ్చదగిన పని. కాని ఊళ్లు విడిచిన మనుష్యులను ఎవరైన ఆ విధముగా, చెట్టునకు చెట్టు, పొరుగునకు పొరుగు, చెడకుండ మరల నిలిపిరా?

ఆ సాయంకాలము శ్రీశైలాలయమును దర్శించితిమి. ఎత్తైన ప్రాకారము వెలుపలి రాళ్లపై ఏనుగులు, వేటలు, తపస్వులు వరుసగా చెక్కబడియున్నవి. కృష్ణదేవరాయలు సేవించిన చోటు; 1677లో శివాజీ వచ్చిన చోటు. ఇంకొక విశేషము: జాతిభేదము లేక భక్తులు లింగమును స్వయముగా స్పృశించు ఆచారము ఇచ్చట చిరకాలముగ ప్రసిద్ధము. ఇప్పుడు దానికి వేళలును, రుసుమును ఏర్పడినవి. అయినను, అనేకాలయముల వాకిట హరిజనులను ఆపిన దేశములో ఈ యాచారము చిన్నది కాదు.

ఇంతకంటె లోతైనది చెంచుల కథ. మల్లికార్జునుడు చెంచుల పిల్లను వరించి వారి యల్లుడయ్యెనట. అందుచే ఆయన చెంచుమల్లయ్య. మాకు గుహలలో దారి చూపిన చెంచు యువకునికి మేము కొంత సొమ్మీయబోగా నవ్వి, "స్వామి మా అల్లుడు గదయ్యా, అల్లుని యింటికొచ్చే చుట్టాలు దారి తప్పితే మాట మాకే వస్తది" అనెను. సొమ్ము పుచ్చుకొనెను, పుచ్చుకొనవలసినదే. తాతలనాటినుండి యాత్రికులకు దారి చూపి, కావలి కాచి వారు సంపాదించినది కూలియేగాని బిచ్చము కాదు.

1940లో హైమెన్‌డార్ఫ్ అను పండితుడు వీరి నడుమ నివసించి, 1943లో వీరిని గూర్చి గ్రంథము ప్రకటించెను. తరువాత అడవి రక్షితమాయెను. 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరెను. రాష్ట్రము వేరైన పిదప కృష్ణకు ఉత్తరభాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమాయెను. పులి బ్రతుకవలెను, అందు సందేహము లేదు. కాని పులికొరకు పెంటలను ఖాళీచేయింపవలెనను మాట వచ్చినపుడెల్ల, పులియు చెంచువాడును ఇన్ని తరములు ఒకే యడవిలో నెట్లు బ్రతికిరను ప్రశ్నకు ముందు ప్రత్యుత్తరమీయవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి యంగీకారము లేక వారిని కదల్పరాదనుచున్నది. అంగీకారమనగా కాగితముపై వ్రేలిముద్ర గాదు. పోవువాడు ఎక్కడికి పోవునో, ఏమి తినునో, పిల్లలు ఏ బడిలో చదువుదురో కన్నులార చూచి, వలదనుటకు గూడ స్వేచ్ఛగలవాడై చెప్పు మాట.

మూడవనాడు ఇల్లు చేరితిమి. మేము తెచ్చినది కొంచెము విభూతి, ఒక సీసా తేనె. ఆ తేనె చెంచులు తీసినది. వేమారెడ్డివలె మెట్లు కట్టించు శక్తి మనలో నెందరికి కలదు? కాని దారి చూపినవాని గుడిసె నిలుచునా యని విచారించు శక్తి అందరికిని కలదు. అల్లుని కొలిచి, అత్తవారిని అడవినుండి వెడలగొట్టు భక్తిని మల్లన్న యొప్పుకొనునని మేమనుకొనము.