పలకకు రెండవ వాకిలి



నేను తెల్లాపూర్ నివాసిని. ఈ యూరు పూర్వము మెదకు జిల్లాలో నుండెను. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరెను. 2018లో పురపాలక సంఘమయ్యెను. మా చిన్ననాట పైరులు పండిన చేలలో నేడు మేడలు లేచినవి. వానిలో కంప్యూటరు కొలువులు చేయు యువకులు కాపురముందురు. పాత యూరిలో మావంటి వృద్ధులము కొందరము మిగిలియున్నాము.

2024లో దసరా వెళ్లిన తరువాత మా వీధి పెద్దమనిషి యొకరు ట్యాబ్లెట్టు చేతబట్టుకొని నా యొద్దకు వచ్చిరి. దానిని వారి మనుమడు 2016లో కొనియిచ్చెను. వారు జీవితమంతయు సేద్యము చేసినవారు. కన్నులు మందగించిన పిదప, అక్షరములను పెద్దవి చేసికొని చదువుటకు వీలగుటచే, ఆ పలకపైననే భాగవతమును, పాత పుస్తకములను చదువుచుండిరి. కొన్నాళ్లనుండి అనేక పుటలు తెరుచుకొనుట మానినవి. "ఈ సంబంధము సురక్షితము కాదు" అను హెచ్చరిక మాత్రము వచ్చుచుండెను. దుకాణములో చూపగా, పలక పాతబడినది, క్రొత్తది కొనుమనిరట. క్రొత్తదనగా వారికి నాలుగైదు నెలల ఫించను.

"పంతులూ, టాబు మంచిగనే ఉన్నది. తెర ఎలుగుతున్నది. మరి పుస్తకమెందుకు తెరుస్తలేదు?" అని వారడిగిరి.

ఆ ప్రశ్నకు నాకప్పుడు ఉత్తరము తెలియదు. దానిని వెదకుచు నేను తెలిసికొన్న చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మనము ఇంటర్నెట్టులో చదువు పుటలు ఎక్కడెక్కడనో సర్వరులను యంత్రములలో నుండును. వానిని పిలిచి తెచ్చి, అక్షరములుగా, పటములుగా తెరపై పరచు పనిముట్టునకు బ్రౌజరని పేరు. పుస్తక భాండాగారము వేరు, దాని వాకిలి వేరు. పలక కొన్ననాడే ఒక బ్రౌజరు దానిలో అమర్చబడియుండుటచే, మనలో పెక్కుమంది ఆ వాకిలినే భాండాగారమని భ్రమపడుచున్నారు. వాకిలి మూసికొన్నచో పుస్తకములే కాలిపోయినవని తలచుచున్నారు.

మొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్-లీ యను ఆంగ్లేయుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున నిర్మించెను. 1993 ఏప్రిలు 30వ తేదీన ఆ సంస్థ, వెబ్ పద్ధతిని ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించెను. కావుననే వాకిళ్లను ఎవరికి వారు నిర్మించుటకు వీలయ్యెను. అదే సంవత్సరము అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు మొజాయిక్ అను బ్రౌజరును వెలువరించిరి. 1994లో నెట్‌స్కేపు వచ్చెను. 1995లో మైక్రోసాఫ్టువారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును విడుదల చేసిరి. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు లభించినదియు ఆ సంవత్సరమే, ఆగస్టు 15వ తేదీన.

ఇచట ఒక సంగతి జరిగెను. మైక్రోసాఫ్టువారు తమ బ్రౌజరును తమ విండోసుతో కలిపి యిచ్చిరి. ఇంట ఒక వాకిలి ముందే కట్టియుండగా వేరొకటి పెట్టించుకొనువారు అరుదు గదా! నెట్‌స్కేపు క్షీణించెను. 1998 మే నెలలో అమెరికా ప్రభుత్వము మైక్రోసాఫ్టుపై న్యాయస్థానమున అభియోగము తెచ్చెను. సంస్థను రెండుగా విభజింపవలెనని 2000లో తీర్పు వచ్చెను. 2001లో పై న్యాయస్థానమువారు విభజనను త్రోసిపుచ్చిరి. కాని ఆ సంస్థ తన గుత్తాధిపత్యమును అక్రమముగా నిలుపుకొన్నదను నిర్ణయమును మాత్రము నిలిపిరి. అభియోగము నడచిన ఆ 1998లోనే మైక్రోసాఫ్టువారు హైదరాబాదులో అభివృద్ధి కేంద్రమును స్థాపించిరి. ఆ సంవత్సరమే నవంబరులో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమయ్యెను. మా తెల్లాపూర్ రూపు మారుటకు బీజము అచటనే పడెను.

గెలిచిన వాకిలికి పోటీ లేకపోయెను. 2001లో వెలువడిన ఆరవ ఎక్స్‌ప్లోరరునకు తరువాతి కూర్పు 2006లో గాని రాలేదు. ఐదేండ్లు లోకమంతయు ఒకే పాత తలుపుగుండ తిరిగెను.

ఆ కాలమున మన తెలుగు పడిన పాట్లు చెప్పుకొనదగినవి. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలు మాత్రమే తెలియును. ప్రతి యక్షరమునకు ఒక స్థిరమైన సంఖ్యను నిర్ణయించిన యూనికోడు పద్ధతిలో 1991లోనే తెలుగునకు స్థానము లభించెను. అందు మన "అ"కారము సంఖ్య 3077. కాని పెక్కు తెలుగు పత్రికలు తమ వెబ్ పుటలలో చాల యేండ్లు ఈ పద్ధతిని వాడలేదు. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చోబెట్టి, ఎవరి ఫాంటు వారు చేసికొనిరి. ఆ ఫాంటు లేనిచోట తెలుగు వార్త అర్థము లేని ఆంగ్లాక్షరముల ప్రోగువలె కనబడెడిది. ఫాంటును పుటతోపాటే పంపు ఉపాయము గూడ నుండెను గాని, మైక్రోసాఫ్టువారి పద్ధతి ఎక్స్‌ప్లోరరులోనే పనిచేసెను. నెట్‌స్కేపువారిది వేరొక పద్ధతి. తెలుగు చదువవలెనన్న ఫలానా వాకిలిగుండనే రావలెనను నిర్బంధము ఇట్లేర్పడెను.

ఆ నిర్బంధమును సడలించినది రెండవ వాకిలియే. నెట్‌స్కేపువారు 1998లో తమ బ్రౌజరు మూలరచనను లోకమునకు అర్పించిరి. దానినుండి మొజిల్లా యను ఉద్యమము పుట్టెను. 2004 నవంబరు 9వ తేదీన ఫైర్‌ఫాక్సు అను బ్రౌజరు వెలువడెను. దానికి ఎవరైనను చిన్న పొడిగింపులను వ్రాసి చేర్పవచ్చును. ఒక తెలుగువాడు "పద్మ" అను పొడిగింపును వ్రాసెను. పత్రికల సొంత ఫాంటులలోనున్న పుటను అది అప్పటికప్పుడే యూనికోడు తెలుగులోనికి మార్చి చూపెడిది. దూరదేశములందున్న తెలుగువారును, విండోసు వాడనివారును దానివలన స్వభాషలో వార్తలు చదువుకొనగలిగిరి. తరువాత స్వచ్ఛంద సేవకులు ఫైర్‌ఫాక్సులోని మాటలను గూడ తెలుగు చేసిరి.

ఇక పలకల సంగతి. ఆపిల్‌వారి ఐప్యాడు 2010లో వచ్చెను. 2011 అక్టోబరు 5వ తేదీన మన ప్రభుత్వము ఢిల్లీలో "ఆకాశ్" అను చౌక పలకను విద్యార్థులకొరకు ఆవిష్కరించెను. డేటావిండ్ సంస్థవారి ఆ పలకల కూర్పు జరిగినది మన హైదరాబాదులోనే. తెర యేడంగుళములు, యంత్రశక్తి మిక్కిలి స్వల్పము. అట్టి పలకపై, ఆనాటి మందగొడి ఫోను సంబంధముతో, బరువైన పుటలను తెచ్చుట కష్టము. కావున పుటను దూరముననున్న సర్వరులలోనే కుదించి తేలికచేసి పంపు బ్రౌజరు విధానమును ఆ సంస్థ అవలంబించెను. నార్వే దేశపువారి ఆపెరా మినీ 2006 నుండి ఇట్టి పనినే చేయుచుండెను. బీదవాని పరికరమునకు తగిన వాకిలి వేరుగా నుండవలెనని ఆనాడే కొందరు గుర్తించిరి.

ఇంతకు మా పెద్దమనిషి పలకకు వచ్చిన జబ్బేమి? పూర్వము కచేరీలో ఒక కాగితము చెల్లవలెనన్న దానిపై ఎరిగిన యధికారి ముద్ర యుండవలెను. గుమాస్తా తన యొద్దనున్న ముద్రల పట్టికతో సరిచూచి ఔననును. వెబ్ పుటలకును ఇట్టి ముద్రలున్నవి. వానిని ధ్రువపత్రము లందురు. ఎవరి ముద్రలు నమ్మదగినవో తెలుపు పట్టిక పలకలోనే దాగియుండును. లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న ముద్రలలో నొకటి క్రొత్తది, 7.1.1 కూర్పునకు పూర్వపు ఆండ్రాయిడ్ పట్టికలలో అది లేదు. పాత ముద్ర యొకటి దానికి పూచీగా నిలిచి కొన్నాళ్లు పని జరిపించెను. ఆ పూచీ గడువు 2024 సెప్టెంబరు 30వ తేదీన ముగిసెను. పుటలు చెడలేదు, పలక చెడలేదు. గుమాస్తా చేతి పట్టిక పాతబడెను. పలకను చేసినవారు ఆరవ ఆండ్రాయిడ్‌తోనే దానిని విడిచిపెట్టిరి గనుక, పట్టికను మార్చు దిక్కు లేకపోయెను.

ఫైర్‌ఫాక్సు మాత్రము పలక పట్టికను నమ్ముకొనక, తన పట్టికను తానే వెంట తెచ్చుకొనును. అది అప్పటికి ఐదవ ఆండ్రాయిడ్‌పై గూడ పనిచేయుచుండెను. ఈ సంగతి చదివిన సాయంకాలమే వారి యరుగుపై కూర్చుండి, ఆ బ్రౌజరును పలకలో దించితిని. పైసా ఖర్చు కాలేదు. భాగవతపు పుట తెరుచుకొనెను. ఆయన కండ్లజోడు సవరించుకొని, ఆగిపోయిన ఘట్టమునుండియే చదువసాగిరి. నాతో మాటాడుట గూడ మరచిరి.

అయ్యలారా, రెండవ వాకిలి యుండుట మేలని చెప్పితిని. ప్రతి రెండవ వాకిలియు మేలైనదని చెప్పను. చీనాదేశపువారి యూసీ బ్రౌజరు తేలికదనమువలన మన దేశమున బహుళ వ్యాప్తి గాంచెను. దేశ భద్రతా కారణములచే భారత ప్రభుత్వము 2020 జూన్ 29వ తేదీన నిషేధించిన 59 యాపులలో అదియు నొకటి. మనము చదువునదంతయు వాకిలిగుండనే పోవును గదా! వాకిలి కాచువాడెవడో విచారింపక తప్పదు.

రెండవ హెచ్చరిక. వాకిళ్లు పలు రంగులలో కనబడవచ్చును, పునాది ఒకటియే కావచ్చును. గూగులువారి క్రోము 2008లో వచ్చెను. దాని మూలమైన క్రోమియముపైననే నేడు పెక్కు బ్రౌజరులు నిర్మింపబడియున్నవి. మైక్రోసాఫ్టువారు సైతము 2020లో తమ ఎడ్జిని దానిపైకి మార్చిరి. 2022లో ఎక్స్‌ప్లోరరునకు వీడ్కోలు పలికిరి. ఐప్యాడుపై ఏ పేరుగల బ్రౌజరైనను లోపల ఆపిల్‌వారి ఇంజనునే వాడవలెనను నిబంధన చాల కాలము సర్వత్ర నుండెను. ఐరోపా సమాఖ్యలో చట్టము వలన 2024లో సడలెను. పునాది ఒకటియైనచో నేమగునో 2018 ఫిబ్రవరిలో మన తెలుగక్షరమే లోకమునకు చూపెను. "జ్ఞా" అను అక్షరమును, నడుమ కంటికి కనబడని యొక గుర్తుతో పంపినచో, ఆపిల్ పరికరములలో దానిని చూపబోయిన యాపు కూలిపోయెడిది. అక్షరములను గీయు పని అన్నిటికిని లోపల నొకటే గావున, బ్రౌజరు మార్చినను ఫలము లేకపోయెను. ఫిబ్రవరి 19న ఆ సంస్థవారు దోషమును దిద్దిరి.

వాకిళ్ల వ్యవహారము మన దేశమున గూడ విచారణకు వచ్చెను. 2022 అక్టోబరు 20వ తేదీన భారత పోటీ కమిషను, ఆండ్రాయిడ్ పరికరములలో తన యాపులను ముందే చేర్పించుట మొదలగు చర్యలకు గూగులుపై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, ఆదేశములలో నాలుగింటిని కొట్టివేసెను. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము స్వదేశీ బ్రౌజరు కొరకు ఒక పోటీ ప్రకటించెను. భారతీయ ధ్రువపత్రాధికారుల మూలముద్రను తనలోనే కలిగిన సొంత నమ్మకపు పట్టిక యుండవలెనన్నది ఆ పోటీ నియమములలో నొకటి. మా పెద్దమనిషి పలకకు వచ్చిన చిక్కే ఆ నియమమునకును మూలమగు విషయము: నమ్మదగినవారెవరో నిర్ణయించు పట్టిక ఎవరి చేతనుండవలెను? 2025 మార్చిలో జోహో సంస్థవారి "ఉలా" ప్రథమ స్థానము పొంది, కోటి రూపాయల బహుమానము గెలిచెను. దాని పునాది గూడ క్రోమియమే.

కావున మీ పలకలో పుట తెరుచుకొనని నాడు, క్రొత్తది కొనుటకు ముందు వేరొక బ్రౌజరుతో నొకమారు ప్రయత్నింపుడు. దానిని పలకతో వచ్చిన అధికారిక యాపు స్టోరునుండియే దించుకొనుడు. దారిన పోవువాడు పంపిన లంకెనుండి దించుకొనకుడు. అప్‌డేట్లు నిలిచిపోయిన పాత పలక పుస్తకములు చదువుటకు తగును గాని, బ్యాంకు లెక్కలకు తగదు. రెండవ వాకిలి తలుపును మార్చును. శిథిలమైన గోడను నిలుపలేదు.

ఆ సంగతి మా పెద్దమనిషికిని చెప్పితిని. ఈ బ్రౌజరువారును ఏదో యొకనాడు పాత యాండ్రాయిడ్‌ను విడిచిపెట్టుదురని, ఇది కొన్నాళ్ల ముచ్చటయేనని వివరించితిని. ఆయన పలకపైనుండి తల యెత్తలేదు. "కొన్నాళ్లు చాలు పంతులూ, దశమస్కంధం దాక వచ్చిన" అనిరి.