గొరగనమూడి నుంచి ప్రాగ్ దాకా: స్ఫటికాన్ని కొలిచే పెట్టె వెనక కథ

ఈరోజు స్క్రీన్ మీద చూస్తున్న పెట్టె పేరు బెంచ్‌టాప్ ఎక్స్‌ఆర్‌డీ. టేబుల్ మీద పట్టేస్తుంది, మామూలు ప్లగ్గులో పెడితే నడుస్తుంది. చిటికెడు పొడి లోపల పెట్టామంటే, అందులో పరమాణువులు ఏ వరసలో పేర్చి ఉన్నాయో చెప్పేస్తుంది. మన డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బి, ఎండకి బీటలు వారుతుంది కదా. ఆ మట్టిలో సన్నటి పొరలుంటాయి, వాటి మధ్యకి నీళ్లు దూరితే పొరలు ఎడం అవుతాయి. ఆ ఎడం ఎంతో ఈ పెట్టె కొలిచి చూపిస్తుంది.

ఎలా అంటారా? బీటెక్ ఫస్టియర్‌లో రెండు మార్కులకి బట్టీ పట్టామే, బ్రాగ్ సూత్రం, అదే. 1912లో లావే స్ఫటికం గుండా ఎక్స్‌రేలు పంపితే చుక్కల నమూనా వచ్చింది. తర్వాత బ్రాగ్ తండ్రీకొడుకులు లెక్క తేల్చారు. పొరల మధ్య దూరం, తరంగం పొడవు, కిరణం తిరిగే కోణం, ఈ మూడూ ఒక సమీకరణంలో ఉంటాయి. కోణం మనమే కొలుస్తాం. మిగతా రెండింట్లో ఒకటి తెలిస్తే రెండోది వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదటిది ఎవరు చెప్తారు?

ఇక్కడే మన ఊరాయన వస్తాడు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు. కుర్రతనంలోనే ఇల్లు వదిలి హిమాలయాలకి వెళ్లి, స్వామి జ్ఞానానంద అయ్యారు. 1920ల చివర్లో యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లారు, అక్కడ ఫిజిక్స్ మీద మనసు పడింది. ముప్పై దాటాక మళ్లీ విద్యార్థి అయ్యారండి! మనం పాతికకే కెరీర్ మార్చాలంటే భయపడతాం. 1930ల్లో ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో వాత్స్లావ్ డొలెయ్‌షెక్ దగ్గర ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ చేశారు. అంటే మన పెట్టె పనికి అద్దంలో బొమ్మ లాంటిదన్నమాట. స్ఫటికం తెలిసిందే, దాంతో తరంగం పొడవు కొలవాలి. పొడుగు తరంగాలున్న ఎక్స్‌రేలని గాలే మింగేస్తుంది, అందుకే పరికరం లోపల గాలి తీసేయాలి. ఆ విద్య ఆయనకి ఎంత పట్టుబడిందంటే, 1947లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆయన పుస్తకం పేరే 'హై వాక్యువా'.

ఆ రోజుల్లోనే ఈ రంగంలో ఒక పెద్ద తప్పు బయటపడింది. అందరూ కాల్సైట్ స్ఫటికాన్ని స్కేలుగా పెట్టుకుని తరంగాలు కొలిచేవాళ్లు. కాల్సైట్ దూరమేమో ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి వచ్చిన లెక్క. అది మిలికన్ నూనె చుక్కల ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగంలో గాలి స్నిగ్ధత విలువ కొంచెం తప్పు! స్ఫటికం ఊసే లేకుండా, గీతలు గీసిన గ్రేటింగ్ మీద ఎక్స్‌రేలు కొలిచేసరికి స్కేలు మొత్తం దాదాపు 0.2 శాతం తప్పని తేలింది. కోడ్ రాసేవాళ్లకి తెలిసే ఉంటుంది, అడుగున ఒక్క కాన్‌స్టెంట్ తప్పయితే పైన ప్రతి టెస్టూ పాసవుతూనే ఉంటుంది. స్ఫటికంతో తరంగం, అదే తరంగంతో స్ఫటికం కొలుస్తుంటే తేడా ఎక్కడ దొరుకుతుంది?

ఇవాళ పెట్టెలో రాగి ఎక్స్‌రేకి 1.5406 ఆంగ్‌స్ట్రామ్ అని ముందే వేసి ఉంటుంది. ఆ నంబరు కుదరడానికి దశాబ్దాల కొలతలు పట్టాయి.

మరి సైజు ఎలా తగ్గింది? పాత యంత్రాల్లో డిటెక్టర్ ఒక్కో కోణం దగ్గరా ఆగి లెక్కపెట్టేది. అందుకని 2 కిలోవాట్ల ట్యూబు, చల్లబరచడానికి నీళ్లు, వేరే గది. ఇప్పటి డిటెక్టర్ ఒకేసారి చాలా కోణాలు చూస్తుంది కాబట్టి 300, 600 వాట్ల ట్యూబు సరిపోతోంది. మీ ఇంట్లో మిక్సీయే 750 వాట్లు ఉంటుంది! 2012లో క్యూరియాసిటీ రోవర్ ఇంకా చిన్నదాంతో అంగారకుడి మట్టినే చూసింది.

ప్రాగ్‌లోని గురువు డొలెయ్‌షెక్ నాజీల చెరలో, 1945 జనవరిలో, తెరెజిన్ జైల్లో చనిపోయారు. శిష్యుడు యుద్ధకాలంలో ఇంగ్లండ్ చేరి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశారు. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. వాల్తేరులో ఆ ల్యాబులకి ఇప్పటికీ ఆయన పేరే. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.