గేటు లోపల గడియారం, గేటు బయట ట్రిప్పు

కిందటి భాగంలో మన తాతల జీతగాడితనం గురించి రాశాను. ఈసారి లారీ డ్రైవర్ల గురించి. విషయం మారిందనుకోవద్దు. ఆ కథే ఎద్దుల్ని విప్పి ఇంజను కట్టుకుని వచ్చింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ రోడ్డు మీద బతికిన ఊళ్ళు. మద్రాసు-బొంబాయి రైలు మార్గం కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా తాడిపత్రికి పోయింది. మనకు ఇంత దగ్గర్లోంచి పోయింది గానీ మన ఊళ్ళకు రాలేదు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను మీద ప్రయాణికుల రైలు 2016లో గానీ మొదలవలేదు. పులివెందులకు ఇవాళ్టికీ రైలు లేదు. కాబట్టి పత్తి పోవాలన్నా, చీనీకాయలు ఢిల్లీకి చేరాలన్నా, కడప బండలు కదలాలన్నా మొదట ఎద్దులబండి, ఆ తర్వాత లారీ.

ఎద్దులబండి రోజుల్లో ఎవరు ఎక్కడుండేవాళ్ళో గుర్తు చేసుకోండి. ఎద్దులు రైతువి. బండి రైతుది. పగ్గాల తోలు మాదిగల చేతిపని. రాత్రంతా మేలుకుని బండి తోలేది జీతగాడు. అతనికి ముందుగానే కొంత డబ్బిచ్చేవాళ్ళు, ఆ అప్పే అతని సంకెల. ఉగాదికి లెక్క తేలితే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు, తేలకపోతే అక్కడే. ఇవాళ డ్రైవర్‌కి ఓనరిచ్చే అడ్వాన్సు ఆ ముందు డబ్బు లాంటిదే.

ఇక లారీల కాలానికి వద్దాం. మన నేల కింద సున్నపురాయి ఉంది. అందుకే ఎర్రగుంట్లలో, చిలంకూరులో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. తర్వాత కమలాపురం దగ్గర నల్లలింగాయపల్లెలో భారతి, మైలవరం మండలంలో దాల్మియా వచ్చాయి. 1994లో రాయలసీమ థర్మల్ కేంద్రం కరెంటు తీయడం మొదలుపెట్టింది. అందులో కాలిన బొగ్గు బూడిద సిమెంటుకి ముడిసరుకు. రాయి, బూడిద, మూటలు అన్నీ లారీల మీదే నడిచాయి.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు లోపల పనిచేసే మనిషికి గడియారం ఉంది. అది ఊరికే రాలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి దించిన సవరణ చట్టం 1946లో వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని స్థిరం చేసి, అదనపు గంటకు రెట్టింపు కూలి అంది. అయితే లోపల నింపిన మూటలు లారీ ఎక్కి గేటు దాటగానే ఆ గడియారం ఆగిపోతుంది. అక్కడి నుంచి లెక్క ట్రిప్పులదే.

మరి డ్రైవర్లకు చట్టం లేదా? ఉండింది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి. వారానికో సెలవు. ఓవర్‌టైముకి రెట్టింపు. చదవడానికి చక్కగా ఉంటుంది. కానీ ఆ చట్టానికో చిన్న తలుపుంది. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న సంస్థకే అది వర్తిస్తుంది.

లెక్క వేయండి. రెండు లారీలకు ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు. మొత్తం నలుగురు. ఇరవై లారీలున్న ఇల్లు కూడా భార్య పేర, కొడుకు పేర, బావమరిది పేర రెండేసి రాయించుకుంటే కాగితం మీద ప్రతి ఓనరూ చిన్నవాడే. ఫ్యాక్టరీని అడిగితే లారీ మాది కాదంటుంది. ట్రాన్స్‌పోర్టు కంట్రాక్టరు డ్రైవర్ మావాడు కాదంటాడు. ఓనరు కిరాయి పెరగలేదంటాడు. ఈ ముగ్గురి మధ్యా స్టీరింగ్ పట్టుకున్నవాడు ఎవరికీ చెందడు.

ట్రిప్పు కూలి ఎలా పనిచేస్తుందో చూడండి. లోడింగు కోసం గేటు ముందు పొద్దంతా నిలబడితే ఆ గంటలకు డబ్బు లేదు. పోయిన పొద్దుని రాత్రి రోడ్డు మీద రాబట్టుకోవాలి. అంటే నిద్ర అమ్ముకోవాలి. అందుకే యాక్సిడెంటు జరిగినప్పుడు ‘డ్రైవర్ నిద్రమత్తు’ అని రాసి వదిలేస్తే సగమే రాసినట్టు. ఆ నిద్ర ఏ గేటు ముందు పోయిందో కూడా రాయాలి.

‘డ్రైవర్లు నిలబడరండీ, నెలకొకడు మారతాడు’ అని ఓనర్లు అంటుంటారు. ఈ మాట మన జిల్లాదే కాదు. అమెరికాలో పెద్ద ట్రక్కు కంపెనీల్లో ఏడాదికి నూటికి తొంభై దాకా డ్రైవర్లు మారిపోయిన సంవత్సరాలున్నాయి. అక్కడ 1938లో పని గంటల చట్టం వచ్చినప్పుడు దూరప్రాంత ట్రక్కు డ్రైవర్లకు ఓవర్‌టైము హక్కు ఇవ్వలేదు. నల్లజాతి మనుషులు ఎక్కువగా పనిచేసే పొలం పనినీ, ఇంటి పనినీ అదే చట్టం వదిలేసింది. ఎవరిని వదిలేయాలో చట్టాలకు బాగా తెలుసు. అదే దేశంలో జె.బి. హంట్ అనే పెద్ద కంపెనీ 1997లో డ్రైవర్ల కూలి మూడోవంతుకు పైగా పెంచింది. మానేసేవాళ్ళు బాగా తగ్గారు. యాక్సిడెంట్లు దాదాపు సగమయ్యాయి. డ్రైవర్ల బుద్ధి మారలేదు, కూలి మారింది.

మన దగ్గర దీనికి కులం తోడవుతుంది. నా క్లాసులో లారీ డ్రైవర్ల పిల్లలు చాలావరకు ఎస్సీ, బీసీ, ముస్లిం ఇళ్ళవాళ్ళు. భూమి లేని ఇంటికి హెవీ లైసెన్సు ఒక ఆస్తి, తాత నుంచి రానిది, మన చేతులతో సంపాదించింది. దానికీ ఎనిమిదో తరగతి పాసై ఉండాలని చాలా ఏళ్ళు అడ్డం పెట్టారు. ఆ నిబంధనను తీసేయాలని కేంద్రం 2019లో నిర్ణయించింది. లైసెన్సు చేతికొచ్చింది గానీ లారీ మాత్రం రాలేదు. చర్నాకోల పోయి స్టీరింగ్ వచ్చినా, బండి ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది.

2024 నవంబరులో మన థర్మల్ కేంద్రం బూడిద మీద జరిగిన గొడవ గుర్తుందా? జమ్మలమడుగు ఎమ్మెల్యే ఆదినారాయణ రెడ్డి వర్గం, తాడిపత్రి జేసీ ప్రభాకర్ రెడ్డి వర్గం. బూడిద ఎవరి లారీలు మోయాలనేదే పంచాయితీ. ముఖ్యమంత్రి దాకా పోయింది. నేను చదివిన వార్తల్లో ఆ లారీలు తోలేవాళ్ళ కూలి గురించి ఒక్క వాక్యం లేదు. అదే ఏడాది జనవరిలో, యాక్సిడెంటు చేసి చెప్పకుండా పోతే పదేళ్ళ దాకా జైలన్న కొత్త సెక్షన్ మీద దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపారు. ఆ ఉపసెక్షన్‌ను జులైలో మిగతా చట్టంతో పాటు అమల్లోకి తేలేదు. బండి ఆపితే వింటారని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఇంకో సంగతి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. 1961 చట్టం పోయి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది. అందులో రవాణా సంస్థ అంటే పదిమంది కార్మికులు ఉండాలి. ఐదు పది అయింది. నిన్నటిదాకా రెండు లారీల ఓనరు తప్పించుకున్న తలుపులోంచి ఇప్పుడు నాలుగు లారీల ఓనరూ పోవచ్చు. తలుపు వెడల్పు చేసి దానికి సంస్కరణ అని పేరు పెట్టారు.

కాబట్టి మన డిమాండు సూటిగా ఉండాలి. గేటు ముందు నిలబెట్టిన ప్రతి గంటకూ కూలి కట్టాలి. ఎవరి సరుకో వాళ్ళే ఆ గంటలకు బాధ్యులు కావాలి. లారీ ఎవరి పేర ఉన్నా సరే.

విద్యార్థులకు ఒక పని. మీ నాన్నో, మామో, చిన్నాయనో డ్రైవరైతే ఈ వారం మూడు ప్రశ్నలడగండి. కిందటి ట్రిప్పులో గేటు ముందు ఎన్ని గంటలు నిలబడ్డావు? ఎన్ని గంటలు నిద్రపోయావు? చేతికి ఎంత వచ్చింది? రాసి తీసుకురండి. మన చరిత్ర ఎవరూ రాసి పెట్టలేదు, ఆ మూడు అంకెలతో మొదలుపెడదాం.

జై భీమ్.