గ్రెట్జ్‌కీని ఇద్దరిని చేసిన ఆట

1985-86 సీజన్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ 52 గోల్స్ కొట్టాడు. ఇంకో 163 గోల్స్‌కి పాస్‌లు అందించాడు. ఐస్ హాకీలో గోల్‌కి ఒక పాయింటు, గోల్‌కి దారితీసిన పాస్‌కి, అంటే అసిస్ట్‌కి, ఇంకో పాయింటు. మొత్తం 215. రెండో స్థానంలో నిలిచిన మారియో లెమ్యూకి వచ్చినవి 141. ఆ ఏడాది గ్రెట్జ్‌కీ ఒక్క గోలూ కొట్టకపోయినా మొదటి స్థానం ఆయనదే.

స్టేడియంలో కూర్చున్నవాళ్లకి ఇది కన్నులపండువ. ఆఫీసులో పూల్ పెట్టుకుని, తలా కొన్ని డాలర్లు వేసుకుని, ఆటగాళ్లని పంచుకునే కెనడా గుమాస్తాలకి మాత్రం తలనొప్పి. చీటీల్లో మొదటి వంతు ఎవరికొస్తే వాళ్లు గ్రెట్జ్‌కీ పేరు చెబుతారు. పందెం అక్కడే ముగిసినట్టు. దీనికి చాలాచోట్ల ఒకటే విరుగుడు కనిపెట్టారు: గ్రెట్జ్‌కీని ఇద్దరిని చేశారు. గోల్స్ గ్రెట్జ్‌కీ ఒకడు, అసిస్టుల గ్రెట్జ్‌కీ ఇంకొకడు. ఒకరికి ఒకడే. లెక్క తెలిసినవాళ్లు అసిస్టుల గ్రెట్జ్‌కీనే పట్టుకునేవాళ్లు. ఆటగాడి గొప్పతనం వేరు, మన లీగ్‌లో లెక్కకొచ్చేది వేరు. ఈరోజు ఫాంటసీ హాకీలో సలహాలు చెప్పేవాళ్లందరూ బతుకుతున్నది ఈ తేడా మీదే.

ఇది ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్ నడిపే మంచు మీది ఆట. 32 జట్లు, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకి 80కి పైగా మ్యాచ్‌లు. మనవాళ్లకి ఫాంటసీ అనగానే డ్రీమ్11 గుర్తొస్తుంది. ఒక్క మ్యాచ్‌కి పదకొండు మందిని ఎంచుకోవడం, రాత్రికి ఫలితం తేలిపోవడం. హాకీ ఫాంటసీ అసలు పద్ధతి అలా ఉండదు. పది పన్నెండు మంది స్నేహితులు ఒక లీగ్ పెట్టుకుంటారు. సెప్టెంబర్‌లో వంతులవారీగానో వేలంలోనో ఆటగాళ్లని తీసుకుంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. ఆర్నెల్లపాటు మార్చుకుంటూ, వదులుకుంటూ, ఎవరూ తీసుకోనివాళ్లని ఏరుకుంటూ నడుపుకోవాలి.

ఈ పద్ధతి హాకీలో పుట్టలేదు. 1960లో విలియమ్ గామ్సన్ అనే సోషియాలజీ అధ్యాపకుడు హార్వర్డ్‌లో ఉన్నప్పుడు కొందరు మిత్రులతో బేస్‌బాల్ ఆటగాళ్లని 'కొనే' ఆట మొదలుపెట్టాడు. జూదమని ఎవరూ అనకుండా దానికి 'బేస్‌బాల్ సెమినార్' అని పేరు పెట్టాడు. అధ్యాపకులు సెమినార్‌కి వెళ్తుంటే అడిగేదెవరు! 1962లో ఓక్లండ్ రైడర్స్ జట్టులో వాటాదారు బిల్ వింకెన్‌బాక్ అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఇలాంటి ఆటే అల్లాడు. మరుసటి ఏడు ఆగస్టులో ఓక్లండ్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో మొదటి డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల పంపకం, పెట్టాడు. వాటికంటే హాకీకి ఎక్కువ పనికొచ్చింది 1980 నాటి న్యూయార్క్ ముచ్చట. డేనియల్ ఓక్రెంట్ అనే ఎడిటరు, తోటి పత్రికలవాళ్లు కలిసి ఒక ఫ్రెంచి రెస్టారెంట్ పేరు మీద రోటిసరీ లీగ్ పెట్టారు. తలా 260 డాలర్ల లెక్కన 23 మంది ఆటగాళ్లని వేలంలో పాడుకోవడం, సీజన్ పొడుగునా మార్చుకోవడం అందులో నియమం. 1981లో బేస్‌బాల్ ఆటగాళ్ల సమ్మె వచ్చి మ్యాచ్‌లు ఆగిపోయినప్పుడు, రాయడానికేమీ లేని క్రీడా విలేఖరులు ఈ ఆట గురించే రాశారు. దేశమంతా పాకింది.

హాకీ పూల్‌ని మాత్రం ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టలేదు. అది కెనడా ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, బార్లలో తనంతట తానే పెరిగింది. సీజన్ మొదట్లోనో ప్లేఆఫ్స్ ముందో పేర్లు రాసిచ్చి కూర్చోవడమే. తర్వాత చేసేదేమీ లేదు. పూల్ నడిపేవాడికి తప్ప. పొద్దున్నే పేపర్ తెరిచి, చీమల బారులా అచ్చేసిన స్కోర్ల పట్టిక మీద పెన్సిల్ పెట్టి, పేరుపేరునా టిక్కులు కొట్టుకుంటూ కూడాలి. వాంకూవర్‌లో, లాస్‌ఏంజెలెస్‌లో జరిగిన మ్యాచ్ టొరంటో గడియారంలో అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. పొద్దుటి పేపర్‌కి అందదు. మర్నాటి దాకా ఆగాలి. 1947లో మాంట్రియల్‌లో మొదలైన 'ది హాకీ న్యూస్' వారపత్రికలోని పట్టికలు వీళ్లకి పెద్ద ఆధారం. సీజన్ ముందు వచ్చే పూల్ గైడ్‌లే అప్పటి సలహా. వేసవిలో అచ్చయిన జోస్యం నవంబర్‌కి పాతబడిపోయేది. గైడ్ మొదటి పేజీలో ఉన్న ఆటగాడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉండేవాడు.

రోటిసరీ పద్ధతి హాకీలోకి వచ్చాక ఈ తీరు మారింది. మార్చుకునే వీలుంటేనే మధ్యలో సలహాకి గిరాకీ. గోల్స్, అసిస్టులతో పాటు ఇంకా చాలా లెక్కలు చేరాయి. వాటిలో నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది పెనాల్టీ నిమిషాలు. తప్పు చేసిన ఆటగాణ్ణి రిఫరీ బయట కూర్చోబెట్టే సమయం అది. నిజం ఆటలో జట్టుకి నష్టం. ఫాంటసీలో చాలా లీగ్‌లు దాన్ని లాభంగా లెక్కేశాయి! 1974-75లో ఫిలడెల్ఫియా ఆటగాడు డేవ్ షుల్ట్జ్ 472 పెనాల్టీ నిమిషాలు తెచ్చుకున్నాడు, ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. అలాంటి కొట్లాట రాయుళ్లు ఫాంటసీ జట్ల యజమానులకి ముద్దుబిడ్డలయ్యారు. మంచు మీద కొట్లాటలు తగ్గిపోయాక ఆ గడిలోకి చాలాచోట్ల ఢీకొట్టడాలు, అంటే హిట్స్, వచ్చి చేరాయి.

1999లో యాహూ ఫాంటసీ ఆటల్ని ఉచితంగా ఇవ్వడంతో పెన్సిల్ పని పోయింది. కూడికలు కంప్యూటర్ చేస్తుంటే మనిషికి మిగిలింది ఆలోచన, ఆందోళన. 2004-05 సీజన్ మొత్తం యజమానులకీ ఆటగాళ్లకీ మధ్య తగవుతో రద్దయింది. తిరిగొచ్చాక రిఫరీలు అడ్డుపడటాలని, కర్రతో లాగడాలని కఠినంగా శిక్షించారు. పవర్ ప్లేలు ఒక్కసారిగా పెరిగాయి. అవతలి జట్టులో ఒకడు రెండు నిమిషాలు బయట కూర్చుంటే ఇవతలి ఐదుగురు నలుగురి మీద ఆడే అవకాశమది. అప్పట్నుంచీ సలహాదారు అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఇతను మొదటి పవర్ ప్లే దళంలో ఉన్నాడా?

ఆ ప్రశ్న బలమెంతో 2022-23 ఎడ్మంటన్‌ని చూస్తే తెలుస్తుంది. ఆ జట్టు పవర్ ప్లేల్లో 32.4 శాతం గోల్స్‌గా మారాయి. అప్పటిదాకా లీగ్ చరిత్రలో అదే అత్యధికం. జట్టులోని మేటి ఆటగాళ్లు మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ పక్కన అదే దళంలో నిలబడ్డ రయన్ న్యూజెంట్-హాప్కిన్స్ అంతకుముందు ఎప్పుడూ 70 పాయింట్లు దాటలేదు. ఆ ఏడు 104 చేశాడు, వాటిలో 53 పవర్ ప్లే మీదే. తర్వాతి సీజన్‌లో 67. ఆటగాడు అతనే, అతని చేతిలోని కర్రా అదే. మొదటి వంద చూసి మరుసటి ఏడు ఎక్కువ ధర పెట్టినవాళ్లు దెబ్బతిన్నారు.

అదృష్టాన్ని లెక్కలోంచి ఏరిపారేయడం ఈ శతాబ్దపు విద్య. బఫలో సేబర్స్‌లో గోలీలకి, అంటే గోల్‌కీపర్లకి, శిక్షణ ఇచ్చే జిమ్ కోర్సీ గోలీ శ్రమ కొలవాలనుకున్నాడు. గోల్‌లోకి వచ్చిన షాట్లకే కాదు, పక్కకి పోయినవాటికీ, మధ్యలో ఎవరో అడ్డుకున్నవాటికీ గోలీ సిద్ధపడాల్సిందే కదా అని అన్నీ లెక్కపెట్టాడు. ఆ జట్టు మేనేజరు డార్సీ రెగియర్ దీని గురించి రేడియోలో చెబుతుంటే టిమ్ బార్న్స్ అనే అభిమాని విన్నాడు. గోలీ శ్రమ సంగతి పక్కనపెట్టి, ఒక ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు తన జట్టు ఎన్ని షాట్లు వేసింది, అవతలివాళ్లు ఎన్ని వేశారు అని చూస్తే ఎవరు ఆటని నడుపుతున్నారో తెలుస్తుందనుకున్నాడు. మేనేజరు పేరు పలకడానికి బాగాలేదని, శిక్షకుడి మీసం బాగుందని ఆ లెక్కకి కోర్సీ పేరు పెట్టాడు. కాలక్షేపానికి లెక్కలేసుకున్న ఆ బార్న్స్‌ని 2014లో వాషింగ్టన్ క్యాపిటల్స్ ఉద్యోగంలోకి తీసుకుంది. 2015 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ తనే ఈ లెక్కల్ని అధికారికంగా ప్రకటించడం మొదలుపెట్టింది.

విలియమ్ కార్ల్‌సన్ ఉదాహరణ ఫాంటసీ వాళ్లకి కంఠస్థం. 2016-17లో కొలంబస్‌కి ఆడి 6 గోల్స్. కొత్తగా పెట్టిన వేగస్ జట్టుకి వెళ్లి మరుసటి ఏడాది 43. కొట్టిన షాట్లలో 23 శాతానికి పైగా గోల్స్ అయ్యాయి. మామూలుగా అయ్యేది పది పన్నెండు శాతమే. ఆ అంకె చూసినవాళ్లు, ఇతన్ని ఇప్పుడే మంచి ధరకి వదిలించుకోండి అన్నారు. తర్వాతి ఏడు 24 గోల్స్. సలహా నిలబడింది.

గోలీల దగ్గర మాత్రం ఏ లెక్కా సరిగ్గా నిలబడదు. 2019 జనవరి మొదట్లో సెయింట్ లూయిస్ బ్లూస్ లీగ్‌లో అట్టడుగున ఉంది. జనవరి 7న జోర్డన్ బినింగ్‌టన్ అనే కొత్త గోలీకి తొలిసారి మ్యాచ్ మొదటినుంచీ ఆడే అవకాశమిచ్చారు. ఒక్క గోల్ ఇవ్వకుండా గెలిపించాడు. ఆ జట్టే జూన్‌లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. ఆ జనవరి వారంలో అతన్ని ఊరికే తీసుకున్న ఫాంటసీ యజమాని తన లీగ్ కూడా గెలిచి ఉంటాడు. అది జ్ఞానమా, అదృష్టమా అంటే నేను రెండోదానికే ఓటేస్తాను. అందుకే అనుభవజ్ఞులు గోలీలకి డ్రాఫ్ట్‌లో పెద్ద ధర పెట్టరు.

ఇక షెడ్యూల్. ఫాంటసీ వాళ్లకి అదే పంచాంగం. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు మంగళ, గురు, శనివారాల్లో కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల్లో మీ ఆటగాళ్లందరూ ఆడతారు, జట్టులో గడులు నిండిపోతాయి, ఇద్దరు ముగ్గురు మంచివాళ్ల పాయింట్లు బెంచీ మీద వృథా. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో గడులు ఖాళీ. అందుకని ఆ వారం బుధ, శుక్ర, ఆదివారాలు ఆడే సాధారణ ఆటగాడు, మంగళ, గురు, శనివారాలు ఆడే మేటి కంటే ఎక్కువ పాయింట్లు తెచ్చిపెట్టగలడు. జట్టు వరుసగా రెండు రాత్రులు ఆడితే ప్రధాన గోలీకి సాధారణంగా ఒక రాత్రి విశ్రాంతి. ఇవన్నీ తెలుసుకోవడానికి ఆట చూడాల్సిన పని కూడా లేదు. ఆటని ప్రేమించేవాళ్లకి ఇది కాస్త చేదుగానే ఉంటుంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2009లో ఫాన్‌డ్యూల్, 2012లో డ్రాఫ్ట్‌కింగ్స్ వచ్చి ఒక్క రాత్రి ఫాంటసీని పెద్ద వ్యాపారం చేశాయి. అమెరికా సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రాలకి క్రీడా పందేలు అనుమతించే వీలిచ్చాక, 2021లో కెనడా ఒక్కో మ్యాచ్ మీద పందేన్ని చట్టబద్ధం చేశాక, ఫాంటసీ సలహా పక్కనే పందెం సలహా కూర్చుంది. ఒకప్పుడు స్నేహితుణ్ణి ఓడించడానికి వెతికిన లెక్క ఇప్పుడు కంపెనీ జేబు నింపుతోంది. నాకైతే ఇది దిగజారడమే. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది.

డాలస్‌లోనో టొరంటోలోనో ఉద్యోగం చేస్తూ, ఆఫీసువాళ్లు పిలిస్తే సెప్టెంబర్‌లో ఈ లీగుల్లోకి దిగే తెలుగువాళ్లు కొన్ని పనులు చేస్తే చాలు. డ్రాఫ్ట్‌కి ముందు మీ లీగ్‌లో ఏవేవి లెక్కపెడతారో నియమాలు చదవండి. జట్ల మొదటి పవర్ ప్లే దళాల జాబితా దగ్గర పెట్టుకోండి. అక్టోబర్ గోల్స్ చూసి నవంబర్‌లో ఎవర్నీ వదిలెయ్యకండి, ముందు షాట్లు లెక్కపెట్టండి. డబ్బు పెట్టే లీగ్ అయితే మీరుండే చోటి చట్టం ఏమంటుందో చూసుకుని దిగండి.