క్యాబినెట్ తలుపు వెనక చీటీ

అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడింది 2001లో. విండోస్ ఎక్స్‌పీ విడుదలైందీ ఆ ఏడాదే. ఆ తర్వాత కొన్నేళ్ళకి నేను పోర్టుబ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) వర్క్‌షాపులో చేరాను. అప్పటికి ఆఫీసు బల్లల మీదకి ఎక్స్‌పీ వచ్చేసింది. మా టెస్ట్ బెంచ్ మాత్రం ఎం.ఎస్.డాస్ మీదే నడిచేది. కొత్త కుర్రాళ్ళు "ఇంకా డాసేనా సార్?" అని నవ్వేవారు.

దాని వెనక కారణం ఉంది. డాస్ ఒకసారికి ఒక్క ప్రోగ్రామునే నడుపుతుంది. ఆ ప్రోగ్రాము కొలతల కార్డుతో నేరుగా మాట్లాడుతుంది. ఎక్స్‌పీ అంత తేలిగ్గా మధ్యలోంచి తప్పుకోదు. పైగా మా కార్డు ఐ.ఎస్.ఏ. రకం. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ స్లాటే పోయింది. యంత్రమేమో పాతికేళ్ళు మన్నుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌ని కంపెనీ అన్నాళ్ళు మొయ్యదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో గడువు తీరింది. అమెరికా నేవీ అంతటిది కూడా 2015లో డబ్బు కట్టి ఆ గడువు పొడిగించుకుంది.

ఒక వర్షాకాలం మా పీసీలో బ్యాటరీ చచ్చిపోయింది. దాంతో సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. హార్డ్ డిస్క్ బాగానే ఉంది, కానీ ఆ కాలపు బయాస్ దాన్ని తనంతట తాను గుర్తుపట్టదు. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు మనమే కొట్టాలి. ఫ్లాపీలకు బూజు పట్టింది. విశాఖ నుంచి తెప్పిద్దామంటే దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం. చివరికి క్యాబినెట్ తలుపు వెనక ఒక చీటీ కనబడింది. నాకు ముందు పనిచేసిన శ్రీకాకుళం పెట్టీ ఆఫీసర్ ఆ మూడు అంకెలూ రాసి అంటించి వెళ్ళాడు. అవి కొట్టగానే బెంచ్ లేచింది.

ఆ రోజుల్లో ద్వీపాలు శాటిలైట్ లింకుల మీదే ఆధారపడేవి. మా బెంచ్‌కి అసలు నెట్ లేదు, అదే దానికి రక్ష. 2017 మేలో వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా పట్టుకుంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ అందుబాటులోకి వచ్చాక ద్వీపాలకీ ఆ దూరం తగ్గిపోయింది. నెట్ లేకపోతే చాలనుకోవడమూ పొరపాటే. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవుల మీద కూడా పాకింది.

అందుకే సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి నా మాట: పాత సిస్టమ్ ఉండటం తప్పు కాదు. దాన్ని విడిగా ఉంచండి, డిస్క్‌కి నకలు తీసి పెట్టండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికొచ్చిన రోజున, పెట్టె సర్దుకునే ముందు, ఒక చీటీ రాసి అంటించి రండి.